పదిహేడో నంబర్ మూగఫోను

"తాళం పోయిందా? ఫోన్ చేయండి" అని ఉండేది తలుపుకి అంటించిన ఆ స్టిక్కర్ మీద, కింద ఒక నంబర్‌తో. మన అమ్మాయి దాన్ని గోళ్ళు అరిగేలా గోకింది. చివరికి మిగిలింది "తాళం పోయిందా?" అన్న ముక్క ఒక్కటే.

సోమవారం పొద్దున పాల ప్యాకెట్ అందుకుందామని గుమ్మం దాటిందో లేదో, గాలికి తలుపు ధడాలున మూసుకుంది. మూస్తే దానంతటదే పడిపోయే లాక్. తాళంచెవి లోపల, ఫోన్ లోపల, చెప్పులు కూడా లోపలే. తలుపు మీది స్టిక్కర్ మాత్రం "తాళం పోయిందా?" అని వెటకారంగా అడుగుతోంది.

పక్కింటి పిన్ని తలుపు మీద అదే స్టిక్కర్ నిక్షేపంగా ఉంది. పిన్నే ఫోన్ చేసింది.

పావుగంటలో తాళాలబ్బాయి వచ్చాడు. భుజాన సంచి, జుట్టు నిండా చినుకులు. వచ్చినవాడు లాక్ సంగతి వదిలేసి ముందు స్టిక్కర్ దగ్గర వంగాడు.

"ఇది మీ పనేనా అండీ?"

"అవును. నా తలుపు మీద మీ ప్రకటన అంటించే ముందు నన్నడిగారా?"

"అడుగుదామని బెల్ కొడితే తలుపు తీసేవారా?"

"తీసేదాన్ని కాదు."

"అందుకే అంటించాను."

"అందుకే గోకాను!"

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అతను సంచిలోంచి సన్నటి ఊచ తీసి, లాక్‌లో ఇలా పెట్టి అలా తిప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇంత సులువా!" అంది ఆమె, కాస్త భయంగానే.

"మీ లాక్‌కి మొహమాటం ఎక్కువండీ. గట్టిగా అడిగితే కాదనలేదు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. ఇంకో సంగతి కూడా గమనించింది. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరవగానే అతను గిరుక్కున వెనక్కి తిరిగి, మెట్ల వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"అదేంటి?"

"తాళం తీసిన ఇంట్లోకి మేం చూడం. పిలవకుండా ఆ ఇంటికి మళ్ళీ రాం కూడా. మా నాన్న నేర్పిన పద్ధతి. మీకు ఇంకో తాళంచెవి చేసిపెడతాను, పిన్నిగారి దగ్గర ఉంచుకోండి. రెడీ అవగానే మెసేజ్ పెడతా, షాపుకొచ్చి తీసుకెళ్ళండి. మీ నంబర్?"

ఆమె గుక్క తిప్పుకోకుండా పది అంకెలూ చెప్పేసింది. అతను శ్రద్ధగా రాసుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

మన అమ్మాయి ఉద్యోగం అక్కర్లేని వ్యాపార మెసేజ్‌లను అరికట్టే ప్రభుత్వ ఆఫీసులో. అక్కడ రెండో అంతస్తు గదిలో, అరల నిండా నలభై ఫోన్లుంటాయి. అవి ఎవరివీ కావు. వాటిలోంచి ఎవరూ మాట్లాడరు, జవాబివ్వరు. అందుకే వాటికి మూగఫోన్లని పేరు. ఏ షాపులోనైనా బిల్లు దగ్గర "మేడమ్, మీ నంబర్?" అంటే, ఈ ఆఫీసువాళ్ళు వాటిలో ఒక నంబర్ ఇచ్చి వస్తారు. ఆ ఫోన్‌కి అనుమతి లేకుండా అమ్మకం మెసేజ్ వస్తే ఫైల్ తెరుస్తారు. నెలలో మూడొస్తే, పంపినవాడి నంబర్ ఆ సాయంత్రానికల్లా కట్. మళ్ళీ రెండేళ్ళ దాకా రాదు.

నాలుగేళ్ళుగా ఎవరడిగినా మూగఫోను నంబరే చెప్పీ చెప్పీ, ఆమె నోటికి సొంత నంబర్ పలకడం అలవాటు తప్పింది. ఆ వారం ఆమె వంతుకు వచ్చింది పదిహేడో ఫోను. తాళాలబ్బాయికి చెప్పిందీ దాని నంబరే.

మంగళవారం పదకొండింటికి పదిహేడో ఫోను గుర్రుమంది. పెద్దమేడమ్ కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివారు. "మీ తాళంచెవి రెడీ. ఎప్పుడైనా రావచ్చు. తాళాలబ్బాయి."



"చూశావా తెలివి! మనమేదో ఆర్డరిచ్చినట్టే మొదలెడతారు ఈమధ్య. ఫైల్ తెరువు. ఒకటి."

నోరు తెరిచేలోపు చేయి రాసేసింది, ఒకటి అని. ఫైల్ తెరిచాక అది మూసేదాకా, పంపినవాళ్ళతో ఆఫీసువాళ్ళెవరూ మాట్లాడకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ రూల్ చదివి వినిపించేది మన అమ్మాయే. పోనీ నిజం చెప్పేస్తే? మూగఫోను నంబర్ బయటి మనిషికి సొంత పని మీద ఇచ్చినందుకు మెమో. వచ్చే నెల రావలసిన ప్రమోషన్‌కి నీళ్ళొదులుకోవడమే.

'తాళంచెవి రెడీ అన్నాడు, అయిపోయింది. ఇంకెందుకు పెడతాడులే' అని సర్దిచెప్పుకుంది. బుధవారమంతా ఒక్క పనీ సాగలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే పదిహేడో ఫోను దగ్గరికే కాళ్ళు నడిచాయి. మెసేజ్ రాకూడదని దణ్ణం పెట్టుకుంది. సాయంత్రం దాకా రాకపోయేసరికి ఏడుపొచ్చింది.

గురువారం వచ్చింది. "ఆ లాక్ మార్చేయండి. కొత్తది నేనే వేస్తాను. మీరు ఒక్కరే ఉంటారని పిన్నిగారు చెప్పారు, అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు."

"సరుకు పేరు చెప్పాడు, అమ్మకం స్పష్టం. భయపెట్టి మరీ అమ్ముతున్నాడు. రెండు!" అన్నారు పెద్దమేడమ్.

"మేడమ్, నిజంగానే భయపడుతున్నాడేమో..."

"ఎవరి కోసం? పదిహేడో ఫోను కోసమా?"

ఆ సాయంత్రం వానలో గొడుగేసుకుని అతని షాపు వీధిలో ఎదురు పక్కన రెండుసార్లు నడిచింది. మాట్లాడకూడదన్నారు గాని నడవకూడదనలేదు కదా. షట్టర్ దించి ఉంది. దాని మీద బోర్డు: "పని మీద వెళ్ళాను. ఫోన్ చేయండి." వీధి పొడవునా ప్రతి గేటు మీద, ప్రతి స్తంభం మీద అదే నంబర్. పసిపిల్ల లోపలుండగా తలుపు మూసుకుపోయిన తల్లి వెతుక్కునేది ఆ నంబరే. అతను అన్నం తినేదీ ఆ నంబర్ మీదే. అది కట్టయితే ఇన్ని స్టిక్కర్లూ దండగ. తన నోటి అలవాటు ఒకడి పొట్ట కొట్టబోతోందని తలుచుకుంటే ఆమెకి అక్కడ నిలబడబుద్ధి కాలేదు, కదలబుద్ధీ కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పదిహేడో ఫోను మూడోసారి గుర్రుమంది. పెద్దమేడమ్ హుషారుగా అందుకున్నారు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించారు.

"స్టిక్కర్‌తో పాటు నన్నూ గోకేశారని అర్థమైంది. మీ తాళంచెవి నాలుగు రోజులుగా నా జేబులోనే ఉంది. పిన్నిగారికి ఇచ్చేయొచ్చు. ఇచ్చేస్తే మిమ్మల్ని మళ్ళీ చూసే పని ఉండదని ఇవ్వలేదు. తప్పే. వద్దనుకుంటే ఒక్క మాట పెట్టండి, ఇక మెసేజ్ చేయను."



"ఇందులో ఏం అమ్ముతున్నాడమ్మా?" అన్నారు పెద్దమేడమ్ అయోమయంగా.

"ఏమీ అమ్మట్లేదు మేడమ్. ఆ తాళంచెవి మా ఇంటిదే. నంబర్ ఇచ్చింది నేనే. అలవాటులో నోరు జారింది. అతని నంబర్ కట్ చేయకండి. నాకు ఏ శిక్ష వేసినా సరే."

పెద్దమేడమ్ ఆమెని కిందినుంచి పైదాకా చూశారు. సొరుగు లాగి ఒక కాగితం బయటికి తీశారు.

"ఫైల్ తెరిచాక నీ ఇష్టం, నా ఇష్టం ఉండదు. మెసేజ్ అందుకున్నవాళ్ళు అనుమతి ఇచ్చినట్టు రాసి సంతకం పెడితేనే మూయగలం. రాయి. ఏ రకం మెసేజ్‌లకి అనుమతి? ధరలా, ఆఫర్లా, సర్వీసా?"

"ఇతరములు, మేడమ్."

"వివరం రాయాలి."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. 'ఈయన పంపేవన్నీ' అని రాసింది.

"ఎన్నాళ్ళకి? ఆ గడి ఖాళీ ఉంచకూడదు."

కలం కొస కొరికి, 'నేను ఆపమనే దాకా' అని రాసి సంతకం పెట్టింది. పెద్దమేడమ్ ఠక్కున సీలు గుద్దారు.

"ఫైల్ మూశాను. మెమో సోమవారం వస్తుంది, ప్రమోషన్ వచ్చే ఏడాదికి పోతుంది. ఏడవాలనుంటే సోమవారం ఏడు. ఇవాళ నాకు కనపడకు, వెళ్ళు."

ఇల్లు చేరి, బ్యాగ్ సోఫాలోకి విసిరి, మొహం కడుక్కుని, షాపుకి పరిగెత్తుదామని గుమ్మం దాటిందో లేదో, వెనక తలుపు ధడాలుమంది. తాళంచెవి లోపల, ఫోన్ లోపల. ఈసారి చెప్పులు మాత్రం కాళ్ళకున్నాయి.

"మళ్ళీనా!" అంటూనే పిన్ని తన ఫోన్ చేతిలో పెట్టింది. స్టిక్కర్ చూడకుండానే నంబర్ నొక్కింది మన అమ్మాయి.

"తాళాలబ్బాయినండీ. ఎక్కడికి రావాలి?"

"నా తాళంచెవి మీ జేబులో ఉందటగా?"

 "పది నిమిషాల్లో వస్తా" అన్నాడు. ఏడు నిమిషాలకే మెట్లెక్కాడు. వచ్చి, ఆమె వైపు కాకుండా గోకిన స్టిక్కర్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మూడు మెసేజ్‌లు పెట్టాను" అన్నాడు నెమ్మదిగా.

"చూశాను. మా పెద్దమేడమ్ కూడా చూశారు. పైకి చదివారు."

అతని మొహంలో రంగు పోయింది. ఆమె గబగబా మొత్తం చెప్పేసింది, మూగఫోన్లూ, రూలూ, మూడో మెసేజూ, మెమో సంగతీ.

"అంటే నేను ప్రేమగా రాసుకున్నది గవర్నమెంటు ఫైల్లో ఉందా?"

"నంబర్ వేసి మరీ."

"మరి జవాబు?"

"అదీ ఆ ఫైల్లోనే ఉంది." నేల చూపులు చూస్తూ అప్పజెప్పింది. "అనుమతి, ఈయన పంపేవన్నీ. ఎన్నాళ్ళకి, నేను ఆపమనే దాకా."

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. తీసి, గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

"ఇప్పుడైనా మీ అసలు నంబర్ చెప్తారా?"

ఆమె నోరు తెరిచింది. నాలిక కొసకి పదిహేడో ఫోను నంబరే వచ్చింది. మింగేసింది. ఒక్కో అంకె వెతుక్కుంటూ, వేళ్ళు మడుచుకుంటూ, పదీ చెప్పింది.

"సరిచూసుకుంటాను, మీ మీద నమ్మకం లేదు" అని అతను డయల్ చేశాడు.

మూసిన తలుపు వెనక, సోఫాలో, ఆమె ఫోన్ మోగింది. తాళంచెవి అతని చేతిలోనే ఉంది. ఇద్దరూ తలుపు వైపు చూస్తూ, వింటూ నిలబడ్డారు.

"తలుపు తీయండర్రా! లోపల ఫోన్ మోగుతోంది, ఎవరో చేస్తున్నారు!" పక్కింట్లోంచి పిన్ని కేకేసింది.

"తీస్తాం పిన్నీ" అంది మన అమ్మాయి, అక్కణ్ణుంచి కదలకుండా.