ఆఖరి పాయింటు

మా సింగపూర్ కటోంగ్‌లో కొబ్బరితోట వెనక బ్యాడ్మింటన్ కోర్టు ఉందే, చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. రిక్షావాళ్ళు మలుపులోనే ఆపేసి, "ఇక నడిచి పొండి బాబూ" అంటారు.

రాత్రిపూట అక్కడ బ్యాట్ చప్పుడు వినిపిస్తుంది... టప్. ఒక్కసారే. అవతలి నుంచి తిరిగి కొట్టిన చప్పుడు మాత్రం రాదు.

ఆ దెయ్యానికి పేరు కూడా ఉంది — సెంగ్ హో. సింగపూర్‌లో మొట్టమొదటి చాంపియన్‌షిప్ పెట్టినప్పుడు ఫైనల్ దాకా వచ్చి, ఆట ముందురోజు జ్వరంతో పోయిన కుర్రాడు. ఫైనల్లో ఎదురాడాల్సింది ప్రాణస్నేహితుడు కీ తియాంతోనే. ఆడకుండానే కప్పు తెచ్చి కీ తియాం చేతిలో పెట్టారు. అతను దాన్ని గుడ్డలో చుట్టి మంచం కిందికి తోసేశాడు, పాపం.

ఈ సంగతి నాకు చెప్పింది ఆ కీ తియామే.

ఓ పెళ్ళివిందులో ఆలస్యమై, ఆ దారినే ఇంటికి బయల్దేరాడట. "కప్పు ఇమ్మని అడుగుతాడ్రోయ్, జాగ్రత్త" అని స్నేహితులు ఏడిపించి మరీ పంపారు. మావాళ్ళకి భయం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

తోట దాటుతుంటే... టప్.

ఆగి అటు చూశాడు. వెన్నెల్లో, నెట్ పక్కన — తెల్లగా ఓ ఆకారం. వంగింది... నేలమీద ఏదో తడుముకుంది... లేచింది.

"సెంగ్ హో... నేన్రా" అన్నాడు.

"కీ తియామా? రా నాయనా."

సెంగ్ హో తల్లి. కొడుకు పోయినప్పటి నుంచి కడుతున్న తెల్లబట్టలే ఒంటిమీద. చేతిలో కొడుకు బ్యాటు, ఈకలు రాలిన షటిల్ కాక్.

"ఇక్కడేం చేస్తున్నావు పిన్నీ?"

"ఆట మిగిలిపోయిందిగా, అందుకే వాడు పోలేక ఇక్కడిక్కడే తిరుగుతున్నాడట. గుళ్ళో చెప్పారు. రోజూ వచ్చి కొడుతున్నా... నాకేం తెలుసు ఆట? నువ్వు ఆడు వాడితో." గొంతు తగ్గించింది. "ఆడి... ఓడిపో."

కీ తియాం ఏడుస్తూనే బ్యాట్ అందుకున్నాడు. కావాలనే నెట్‌కేసి కొట్టాడు. సర్వీస్ అవతలివాడిదైంది. కానీ ఆ రోజుల్లో పాయింటు సర్వీస్ చేసేవాడికే వచ్చేది — గెలవాలంటే ఇక సెంగ్ హోనే కొట్టాలి.

కాక్ అవతలికి విసిరి, ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

అది పడ్డచోటే ఉండిపోయింది.

చాలాసేపటికి పిన్ని తనే ఆ వైపుకి వెళ్ళి, బ్యాట్ తీసుకుని, కొడుకు బదులు కొట్టడం మొదలుపెట్టింది. సగం నెట్ దాటవు. "పర్లేదు పిన్నీ, మళ్ళీ కొట్టు" అంటాడు ఇతను. దాటినవాటిని ముట్టుకోడు. సెంగ్ హో పేరుమీద పాయింట్లు పైకి లెక్కపెడుతూ వచ్చాడు.

"ఇదే ఆఖరిది పిన్నీ. ఇది పడితే వాడు గెలిచినట్టే."

పిన్ని బ్యాట్ ఎత్తింది... దించేసింది.

"గెలిస్తే వెళ్ళిపోతాడు కదూ?"

అతను నెట్ దగ్గరికి వచ్చాడు.

"ఈ ఒక్కటీ రేపు వేద్దాంలే నాయనా" అని, కాక్ గుప్పిట్లో దాచుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు రాత్రి కీ తియాం వెళ్ళాడు. ఆమె అప్పటికే వచ్చి, కొడుకు వైపున నిలబడి ఉంది.

"నిన్నటి లెక్క నాకు గుర్తులేదు" అంది. "సున్నా నుంచి మొదలెడదాం."