సుందరమ్మక్క అడిగిన ముఖం

జమ్మలమడుగులో నా ఫోటో స్టూడియో కంప్యూటరు గోచీకి పెద్ద, పంచెకు చిన్న. పాస్‌పోర్టు ఫోటోల వరకు బాగానే లాగుతుంది. అంతకు మించి ఏది అడిగినా గుడ్లు తేలేస్తుంది. సుందరమ్మక్క రాకపోయుంటే దాన్ని అట్లాగే ఈడ్చుకొచ్చేవాణ్ణి.

ఆమె చర్చి హాస్టల్లో వంట చేస్తుంది. ఒక్కగానొక్క కూతురు కీర్తన ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయి ఇరవై రెండేళ్ళయింది. మిగిలింది ఒకటే ఫోటో, సండే స్కూలు పిల్లలందరూ కలిసి దిగింది. సరిగ్గా ఫోటో తీసే సమయానికి ఆ పిల్ల వెనక్కి తిరిగింది. జడ, ఒక చెవి, అంతే. అవి కూడా మసకే.

"మొగం మర్చిపోతాండా నూరుల్లా," అంది ఆమె. "కండ్లు మూసుకుంటే జడే కనపడతాంది. ఇప్పుడు కంప్యూటర్లో పాత ఫోటోలు బాగు చేస్తాండారంట గదప్పా?"

ఫోటో అందుకుని వెలుతురులో పెట్టి చూశాను. సరే అన్నాను.

దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ప్రొద్దుటూరులో రిపేరు షాపు నడిపే రవికుమార్ దగ్గర సెకండ్ హ్యాండుది దొరికింది.

"కార్డొకటే చాలదు మామా. నీ పాత ఎస్‌ఎంపీఎస్ దీనికి కరెంటు ఇయ్యలేదు. అదీ మార్చాల," అన్నాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా. రెండూ తెచ్చాను.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం ఎండకు జడిసి షట్టరు సగం దించి పనిలో కూర్చున్నాను. సుందరమ్మక్క పక్కనే స్టూలు మీద కూర్చుంది. పాత ఎస్‌ఎంపీఎస్ విప్పి కొత్తది బిగించి, కార్డు నొక్కి, దాని వైరు తగిలించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు మెత్తగా తిరిగాయి.

"లేని మొగాన్ని ఇది తేలేదక్కా. ఉండేదాన్నే తేటగా చూపిస్తాది," అని ముందే చెప్పాను.

ఫోటో స్కాన్ చేసి సాఫ్ట్‌వేరు నడిపాను. మొదటిసారి జడ తేటపడింది. రిబ్బను మడతలు కూడా కనిపించాయి. నాకు ముచ్చటేసింది. రెండోసారి నడిపితే చెంప కనిపించింది.

పాత ఫోటోలో చెంప లేదు...

సాఫ్ట్‌వేరు కల్పించి ఉంటుందిలే అనుకున్నాను. మూడోసారికి ముక్కు కొస వచ్చింది. కంప్యూటరు లోంచి వేడి గాలి రావాలి. చల్లగా వస్తోంది. తవ్విన మట్టి వాసనతో వస్తోంది.

"కీర్తనా..." సుందరమ్మక్క గుసగుసగా పిలిచింది.

అప్పుడే కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది. ట్యూబులైటు ఆరింది. నా యూపీఎస్ చెడిపోయి ఆర్నెల్లు.

కంప్యూటరు మాత్రం ఆగలేదు.

ఎస్‌ఎంపీఎస్‌లో నిలవున్న కరెంటు రెండు మూడు క్షణాలు ఆడిస్తుంది. నాకు తెలుసు. పది లెక్కపెట్టాను. ఇరవై... ముప్పై... గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరిగాయి. స్క్రీను మీద పిల్ల మెల్లగా తల తిప్పుతోంది. ఫోటోలో... తిప్పుతోంది...

"యా అల్లా..." కార్డు వైరు మీద చెయ్యి వేశాను. సుందరమ్మక్క నా మణికట్టు పట్టుకుంది. రోజూ వందమందికి గంజి వార్చే చెయ్యి అది, విడిపించుకోలేకపోయాను.

"ఆపొద్దప్పా. ఇంగ రోంతే... నా తల్లి చూస్తాంది."

నేను కళ్ళు మూసుకున్నాను. భయమేసింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఆమె ఏడుస్తూ నవ్వడం మాత్రం వినిపించింది.

కరెంటు వచ్చేసరికి ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ప్లగ్గు పెట్టి కంప్యూటరు మళ్ళీ ఆన్ చేసి చూశాను. ఫోటోలో కీర్తన నిలబడిన చోటు ఖాళీగా ఉంది. వెనక ఉన్న గోడ కనిపిస్తోంది.

"అక్కా, ఫోటో..." అన్నాను.

"ఇంగ అదెందుకప్పా?" అంది. ఇన్నేళ్ళలో ఆమె ముఖం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు ఎడమ చెయ్యి కొంచెం పక్కకు చాచి, ఒక్కొక్క మెట్టే ఆగి ఆగి దిగింది. ఎదురుగా ఉన్న ఆటో ఎక్కి మధ్యలో కూర్చుంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"అమ్మా, పిల్లోల్లిద్దర్నీ లోపలికి జరుపుకో. అంచున కూచుంటే పడిపోతారు," అన్నాడు.

సుందరమ్మక్క ఎడమ పక్కకు తిరిగి నవ్వింది. తర్వాత కుడి పక్కకు తిరిగింది. నవ్వు ఆగిపోయింది. నా వైపు చూస్తూ ఏదో చెప్పబోయింది గానీ, అంతలో ఆటో కదిలిపోయింది.