పన్నెండు అంకెలు

…అసలు ఆ అంకెలు తన నోటికి ఎప్పుడొచ్చాయి? కావాలని బట్టీ పట్టిందేమీ కాదు. ఉన్ని చెదరగొడుతున్నప్పుడు రెండు చేతుల్లోని సన్న బెత్తాలూ ఒక లయలో లేచి పడుతుంటే, ఆ లయ వెంట పెదవులు వాటంతటవే కదిలేవి. మొదటి ఆరు అంకెలూ పుట్టినరోజు: ఏడు, నెల, తేదీ. ప్రభుత్వం ప్రతి మనిషికీ పన్నెండు అంకెల సంఖ్య ఒకటి ఇస్తుంది, అది ఆ మనిషి భూమ్మీద పడ్డ రోజుతోనే మొదలవుతుంది. ఆ రోజు సిర్ దర్యా నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. ఆ రోజు నొప్పులు పడింది తనే! ఏ కాగితం మీద ఎవరిని తల్లి అని రాసుకున్నా, ఆ ఆరు అంకెల్ని మాత్రం ఎవరూ చెరపలేరు కదా…

"వదినా! నిన్నే! నంబరు చెప్పమంటే ఆకాశంలోకి చూస్తావేంటి? అక్కడ రాసిపెట్టారా?"

రైహాన్ ఉలిక్కిపడింది. పెరట్లో ద్రాక్షపందిరి కింద చెక్క అరుగు మీద బొతాకోజ్ బాసింపట్టు వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఆల్మాటీలో కాలేజీ మూసేశాక మార్చిలో ఇంటికొచ్చింది. ఇది జూలై. మధ్యలో ఒకసారి సడలించిన లాక్‌డౌన్ మళ్ళీ బిగించారు. సొంతంగా పని చేసుకుని బతికేవాళ్ళకి ప్రభుత్వం మళ్ళీ నలభై రెండున్నర వేల టెంగేలు ఇస్తోందని తెలియగానే, వదిన చేత దరఖాస్తు పెట్టిస్తానని పట్టుబట్టి కూర్చుంది. పెళ్ళిళ్ళు బందు. పెళ్ళి లేనిదే కొత్త కోడళ్ళకి బొంతలు కుట్టించేదెవరు? కుట్టుమిషను మీద గుడ్డ కప్పి నాలుగు నెలలయింది. అత్తగారి పింఛను అంతా జూన్‌లో ఆవిడ జబ్బు పడ్డప్పుడు ఇంజక్షన్లకే అయిపోయింది. పిండిబస్తా అడుగు కనిపిస్తోంది.

"చెప్పు వదినా."

"సున్నా, సున్నా, సున్నా, రెండు, ఒకటి, ఏడు…" రైహాన్ చెబుతూనే ఉంది. ఎంత హాయిగా జారిపోతున్నాయో అంకెలు!

"ఆగాగు!" బొతాకోజ్ పకపకా నవ్వింది. "అది నాది! ఇరవయ్యేళ్ళదానివా నువ్వు? అమ్మా, విన్నావా? వదిన వయసు సగానికి సగం దాచేస్తోంది!"

అరుగు రెండో చివర దిండ్లకి ఆనుకుని ఉన్న జిలీఖా కళ్ళు తెరిచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, జబ్బుతో సగమైపోయింది. మాట మాత్రం తగ్గలేదు. "నేను మంచాన పడ్డానని ఇప్పుడు నా కోడలికి ప్రభుత్వంవాళ్ళు డబ్బులిస్తారట! నేను పోతానని వాళ్ళకెవరు చెప్పారో గానీ, తొందరపడ్డారు."

"అదేం మాట అత్తయ్యా…" అంటూ రైహాన్ టీ పాత్ర అందుకుంది. ముఖంలోకి ఎగదన్నిన రక్తాన్ని ఆవిరి చాటున దాచుకుంది.

"నీ నంబరు నీకు రాదు గానీ నాది ఎలా వచ్చింది?"

"ఏదో కాగితానికి కావాల్సొచ్చింది చిన్నమ్మాయీ… నువ్వు ఊళ్ళో లేనప్పుడు."

చిన్నమ్మాయి! ఆ ఇంటి ఆచారంలో కోడలు అత్తింటివాళ్ళనెవరినీ పేరు పెట్టి పిలవకూడదు. అత్తనే కాదు, మరిదినైనా, ఆడపడుచునైనా. తొలిచూలు బిడ్డ నానమ్మ ఒళ్ళో పెరగాలన్నదీ ఆచారమే. పిల్ల పుట్టిన నలభయ్యో రోజు స్నానం కాగానే జిలీఖా చేతులు చాచింది, రైహాన్ ఇచ్చింది. అందరూ ఇస్తారు. ఇరవై రెండేళ్ళ వయసు, ఇంకా ఎంతమంది పుడతారో అనుకుంది! పాలివ్వడానికి మాత్రం పిలిచేవారు. అత్తగారి ఎదురుగా, తల దించుకుని, ముద్దు చెయ్యకుండా… కడుపు నిండగానే ఆ వెచ్చని బరువు చేతుల్లోంచి వెళ్ళిపోయేది. ఆ తర్వాత మరి కడుపు పండలేదు. ఆరేళ్ళ కిందట భర్త కూడా కన్నుమూశాడు. కన్నకూతురు మాటలు నేర్చి నానమ్మని అమ్మా అంది, కన్నతల్లిని వదినా అంది. పిల్లకి తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఎవరూ దాచలేదు. ఎవరూ నోరు విప్పి అననూ లేదు. అసలు దాచిపెట్టిన సంగతయితే ఏదో ఒక రోజు బయటపడుతుందన్న ఆశైనా ఉండేది కదా, అనుకునేది రైహాన్. అందరికీ తెలిసిన దాన్ని బయటపెట్టేదెవరు?

చివరికి గుర్తింపు కార్డు చూసి బొతాకోజ్ దరఖాస్తు పంపింది.

మూడో రోజు పొద్దున జవాబొచ్చింది.

"తిప్పి కొట్టారు!" పిల్ల అరుగు మీదనుంచి దూకినంత పని చేసింది. "వదిన పని చేస్తున్నట్టు ఆధారం లేదట! ఈ ఊళ్ళో సగం మంది నిద్రపోయేది ఎవరు కుట్టిన బొంతల మీద? వచ్చి అడగమను, చెబుతా!"

"పోనీలే చిన్నమ్మాయీ. రాకపోతే రాలేదు."

"పోనీలే ఏంటి? సొంత పనివాళ్ళు నెలనెలా కట్టే రుసుము నువ్వు కడుతూనే ఉన్నావుగా? సెలవులకి వచ్చినప్పుడల్లా చూశాను, ఒకటో తారీఖున కొత్త తలగుడ్డ కట్టుకుని మరీ పోస్టాఫీసుకి వెళ్ళేదానివి. పెళ్ళిచూపులకి వెళుతున్నట్టు! రసీదులేవి?"

"పారేశాను."

"నువ్వా? గుడ్డ పేలికలు కూడా పారెయ్యవు నువ్వు!" అంటూ బొతాకోజ్ అప్పటికే లోపలికి నడిచింది.

వద్దు, అనాలి. ఒక్క మాట. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. రైహాన్ కాళ్ళు కదల్లేదు. భయమా? భయమే అయితే గుండె ఇలా ఎందుకు కొట్టుకుంటోంది, పోస్టాఫీసు గుమ్మం ఎక్కుతున్నప్పుడు కొట్టుకున్నట్టు! మిషను సొరుగు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆ సొరుగు చప్పుడు తనకి ఎంత బాగా తెలుసు… మొదట కొంచెం బిగుస్తుంది, తర్వాత ఒక్కసారిగా వచ్చేస్తుంది. చూడనీ, అని లోపల ఎవరో అన్నారు. తన గొంతే. ఇన్నాళ్ళూ ఆ కాగితాల్ని కాల్చకుండా దాచింది ఎవరు చూడాలని?

బొతాకోజ్ వెనక్కి వచ్చింది. నడక మారిపోయింది. చేతిలో దారంతో కుట్టి పెట్టిన చిన్న కాగితాల కట్ట.

"వదినా… ఇవన్నీ నా పేరు మీదున్నాయి."

రైహాన్ గిన్నెల్లో టీ పోయసాగింది.

"అన్నీ! ఒక్కటి కూడా నీ పేరున లేదు. నా పేరు, నా నంబరు… నేనెప్పుడైనా బొంత కుట్టానా? ఎందుకిలా కట్టావు?"

"పొరపాటయి ఉంటుంది. పోస్టాఫీసామె…"

"పదిహేను నెలలు పొరపాటా!"

"ఏమిటా కాగితాలు?" అంది జిలీఖా దిండ్ల మీదనుంచి. "ఇలా తే. కళ్ళజోడు లేదు, నువ్వే చదువు."

"బొతాకోజ్, అమ్మా. తర్వాతది కూడా బొతాకోజ్. ఇది కూడా…" చదువుతున్న గొంతు సన్నబడి ఆగిపోయింది.

టీ గిన్నెల్లో పాలమీగడ కట్టుకుంటోంది. అత్తగారు తనకేసే చూస్తున్నారని రైహాన్‌కి తల ఎత్తకుండానే తెలిసింది. ఇప్పుడావిడ మనసులో ఏముంటుందో కూడా తెలుసు. నేను ఎప్పుడు కన్నుమూస్తానా అని కాచుకుని ఉంది, నా బిడ్డని కాగితాల్లోంచి నెమ్మదిగా తనవైపు లాక్కుంటోంది… అనుకోరూ? జూన్‌లో ఆవిడ ఊపిరాడక ఎగశ్వాస పడుతుంటే తొమ్మిది రాత్రులు వీపు నిమురుతూ కూర్చున్న చేతులివే. ఆ తొమ్మిది రాత్రులూ ఈ ఒక్క కట్టతో అబద్ధమైపోతాయి!

"అత్తయ్యా!" రైహాన్ అరుగు అంచున మోకాళ్ళ మీద కూలబడింది. "మీ బిడ్డని మీ నుంచి తీసుకోవాలని కాదు అత్తయ్యా… అల్లా సాక్షి! మొదటి నెల వెళ్ళినప్పుడు కిటికీలో ఆవిడ 'ఎవరి పేరు మీద?' అంది. అంతే. నా పేరు చెబుదామనే నోరు తెరిచాను. బొతాకోజ్ అని వచ్చింది…"

ఆ పేరు ఆ పెరట్లో ఆమె నోటి వెంట మొదటిసారి వినబడింది.

"అప్పటికి పంతొమ్మిదేళ్ళు అత్తయ్యా! నేను కన్న బిడ్డ పేరు నా నాలుక మీదకి ఒక్కసారి రాలేదు. అక్కడ అడుగుతారు. చెప్పి తీరాలి. గట్టిగా చెప్పమంటారు, అద్దం అడ్డం కదా… నెలకొకసారి గట్టిగా చెప్పేదాన్ని. కట్టిందేదో దానికే ఎప్పుడో పనికొస్తుందనుకున్నాను. ఇలా నాకే అడ్డం పడుతుందని అనుకోలేదు. నన్ను క్షమించండి…"

జిలీఖా ఎముకలు తేలిన వేళ్ళతో ఒళ్ళోని దుప్పటి ముడతలు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత అడిగింది, "పేరొక్కటే అడుగుతారా?"

"నంబరు అడుగుతారు."

"ఇంకా?"

"ఒకసారి… 'నీకేమవుతుంది?' అంది ఆవిడ."

"ఏం చెప్పావు?"

చెప్పకూడదు. చెప్పకుండా ఉండనూ కూడదు.

"నా కూతురు, అన్నాను."

బొతాకోజ్ చేతిలోంచి కాగితాల కట్ట జారిపడింది. ఆ పిల్ల "వది…" అని మొదలుపెట్టి, ఆ మాట సగంలోనే ఆగిపోయి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఏడవకు," అంది జిలీఖా. ఎవరితో అందో! ఆవిడ కళ్ళే తడిగా ఉన్నాయి. "నీకు ఇంకా పుడతారనుకున్నానే అమ్మాయ్. నలుగురు పుడతారు, ఇదొక్కటీ నాకుంటుంది అనుకున్నాను. పుట్టరని తెలిసిన ఏడు, సరే ఇచ్చేద్దామనుకున్నాను. నిజం! పొద్దున్నే లేచి దీని నుదురు వాసన చూసేదాన్ని. ఈ ఒక్క రోజు, రేపు ఇస్తాను, అనుకునేదాన్ని. ఎన్ని రేపులు అయిపోయాయో చూడు! నువ్వు టీ పోస్తూ తల ఎత్తేదానివి కాదు. నీకు అలవాటైపోయిందిలే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది."

పందిరి మీద కందిరీగలు ముసిరాయి. ఒక పండిన ద్రాక్ష టీ పళ్ళెంలో పడింది. ఎవరూ తీయలేదు.

ముందు తేరుకున్నది పిల్లే. ముక్కు చీదుకుని ఫోను అందుకుంది. "ఈ నెలది నీ పేరు మీద కడితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఆ జవాబు కిందే రాశారు. ఇప్పుడే కట్టేస్తాను. నీ కార్డు ఇలా ఇవ్వు."

రైహాన్ కార్డు ఇచ్చింది. బొతాకోజ్ అందులోని అంకెల్ని ఒక్కొక్కటిగా కొట్టింది. కొట్టి, కార్డు బోర్లించి పెట్టి, కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. మధ్యలో తప్పింది. కార్డు తిప్పి చూసి, మళ్ళీ మొదటినుంచి…

"ఏం చేస్తున్నావు?" అంది రైహాన్.

"బట్టీ పడుతున్నా. నీ ఒక్కదానికేనా వచ్చేది?"

జిలీఖా ముసిముసిగా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. "డబ్బులొస్తే ముందు ఉన్ని కొను. పెళ్ళిళ్ళు ఎన్నాళ్ళు ఆగుతాయి? జనం జబ్బుకి భయపడతారు గానీ పెళ్ళికి భయపడరు." తర్వాత పిల్లని దగ్గరికి రమ్మని సైగ చేసింది. బొతాకోజ్ మోకాళ్ళ మీద జరిగి వెళ్ళి అలవాటుగా నుదురు వంచింది. ముసలామె ఆ నుదుటికి ముక్కు ఆనించి ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. మెల్లగా తల వెనక్కి తీసింది.

"లేదు. ఇవాళ కూడా లేదు," అంది. "మీకు చెప్పలేదు. జబ్బు తగ్గి నెల కావస్తున్నా నాకు ఏ వాసనా తెలియడం లేదు. రొట్టె మాడినా తెలియదు. రోజూ పొద్దున్నే దీని నుదుటికి ముక్కు ఆనిస్తున్నాను, గోడకి ఆనించినట్టుంది. ఇరవయ్యేళ్ళు నేనొక్కదాన్నే పీల్చుకున్నానుగా, అయిపోయినట్టుంది నా వంతు."

"మళ్ళీ వస్తుందమ్మా, డాక్టరు చెప్పాడు…"

"నువ్వుండు." జిలీఖా పిల్ల భుజం పట్టుకుని మెల్లగా అటు తిప్పింది, కోడలివైపు. "అమ్మాయ్, ఇలా రా. నా ముక్కు పనిచేయట్లేదు. నువ్వు చూసి చెప్పు."

రైహాన్ కదల్లేదు. ఎదురుగా ఆ నుదురు వంగి ఉంది. జుట్టు మొదట్లో చెమట తడి, ఎడమ కనుబొమ్మ పైన చిన్నప్పటి మచ్చ. ఆ మచ్చ పడ్డ రోజు తను ఎక్కడ ఉంది? బావి దగ్గర. ఏడుపు విని పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల అత్తగారి ఒళ్ళో ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయింది. అలా ఎన్ని గుమ్మాల్లో నిలబడింది తను! పిల్ల ఆల్మాటీ వెళ్ళిన రోజున వదిలేసిన తలగుడ్డకి ముఖం ఆనించి, ఎవరో వస్తున్నట్టనిపించి ఉలిక్కిపడి మడత పెట్టేసింది. ఇప్పుడు ఎవరు వస్తారు? రావలసినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు.

"చూస్తావేంటి?" అంది జిలీఖా. "నాకు మెడ నొప్పి పుడుతోంది, దానికీ పుట్టదా?"

రైహాన్ చేతుల్ని గౌనుకి రెండు వైపులా తుడుచుకుంది. ముందుకి వంగి, కూతురి నుదుటికి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, నిండా ఊపిరి పీల్చింది.