గని ఒడ్డున గర్రుమనే కొట్టం

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు కూడా చాప మీదికి రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

బేతంచెర్ల పక్కన వదిలేసిన నాపరాళ్ళ గని ఒకటుంది. దాని ఒడ్డున సగం కూలిన కొట్టం. మీద బండ పడి చచ్చిపోయిన కూలీ ఒకడు అందులో ఇంకా ఉలి నూరుకుంటున్నాడని చెప్పుకునేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం గొర్రెలకాపర్లు కూడా ఆ నీడకు పోరు. ఒక ఎండాకాలం ఆ మాట నిజమే అయింది. చీకటి పడితే చాలు, లోపలినుంచి... గర్ర్... గర్ర్...

ఒక రాత్రి ఆ ఊరి గంగక్క ఆ దోవనే పోవాల్సివచ్చింది. కూతురు హులిగెమ్మకు తొలికాన్పు. పొద్దున మొదలైన నొప్పులు, రాత్రయినా బిడ్డ రాలేదు. మగవాళ్ళంతా రాళ్ళబండ్లతో రైలు స్టేషనుకు పోయినారు. మంత్రసాని రాహేలమ్మ ఉండేది గనికి అవతల. చుట్టుదోవన పోతే తెల్లారుతుంది. అంతదాకా హులిగెమ్మ తాళదు. గంగక్క కర్రకు ఆముదం గుడ్డ చుట్టి, వెలిగించుకుని బయల్దేరింది.

కొట్టం దగ్గరపడింది. గర్ర్... లోపల నిప్పురవ్వలు చివ్వున లేచి ఆరిపోయాయి.

ఆమె ఆగింది — చప్పుడూ ఆగింది.

"ఎవురది?"

చాలా మెల్లగా ఒక గొంతు... "ఆడనే నిలబడు. నిప్పు దగ్గరికి తేవద్దు."

నిప్పంటే భయం మనుషులకా, దెయ్యాలకు గానీ! గంగక్క ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ ఇంటికాడ కూతురి మూలుగు... భయం దానికైతే, నిప్పు నా చేతిలో ఉండాది గదా అనుకుంది. దివిటీ ముందుకు చాచి ఉరికింది.

"అయ్యో, వద్దు తల్లీ! నా సాన కరిగిపోతాది!"

బూడిద పూసుకున్నట్టు ఒళ్ళంతా దుమ్ముతో ఒక ఆకారం వాకిట్లోకి దూకింది. అక్కడ గాలికి ఆరబెట్టి ఉన్న, రొట్టెపెనమంత చక్రాన్ని రొమ్ముకు కరుచుకుని మూలకు నక్కింది.

"నువ్వు... మనిషివా?"

"సాన పట్టే ప్రేమయ్యనక్కా. మాది ఆత్మకూరు. కొడవళ్ళు నూరుకుంటాండా."

"రాత్రిపూటనా? నీకేం పుట్టిందప్పా?"

"ఈ చక్రం రాయి కాదక్కా. కురువిందమని గట్టి రాయి ఉంటాది, దాన్ని పొడి చేసి, లక్కలో కలిపి పోస్తాం. కోసేది పొడి, దాన్ని పట్టుకోనుండేది లక్క. లక్క ఎక్కువైతే కత్తి జారుతాది. తక్కువైతే పలుకులు రాలి చక్రం తొందరగా అరిగిపోతాది. మీ ఎండలకు లక్క మెత్తబడి పలుకులు ఊడొస్తాండాయి. అందుకే సల్లబడినాక పాత చక్రం తిప్పుతాండా. ఇది ఇయ్యాల పోసిన కొత్తది, ఇంకా గట్టిపడలా. నీ దివిటీ నుంచి ఒక్క చుక్క కారి పడింటే నా పిల్లోల్ల కూడు పోయిండేది!"

గంగక్క అక్కడే కూలబడింది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదట. "నీ పాసుగాల! దెయ్యమని ఊరంతా వణికి సస్తాండాం గదప్పా!"

"ఏం దెయ్యం?"

"బండ పడి సచ్చిన కూలోడు. ఈ కొట్టంలోనే ఉంటాడంట."

ప్రేమయ్య మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. లోపలంతా చీకటి.

"...నువ్వు యాడికి పోతాండావక్కా?"

"మంత్రసాని కాడికి."

"ఆడకూతురివి, ఒక్కదానివే ఎట్ల పోతావు? నేనూ వస్తా, నడువు."

పాత చక్రం, కొడవళ్ళు అన్నీ అక్కడే వదిలేశాడు. కొత్త చక్రం సంకన పెట్టుకుని కదిలాడు. పాపం, దివిటీకి దగ్గరగా నడిస్తే లక్క కరుగుతుంది... దూరంగా నడిస్తే వెనకాల చీకటి. గని దాటేదాకా అట్లా దగ్గరికీ దూరానికీ ఊగుతూనే నడిచాడట.

కోడి కూయకముందే రాహేలమ్మ చేతుల్లో హులిగెమ్మ బిడ్డ కేరుమంది. ఆడపిల్ల.

సరే, లేవండి. ఇండ్లల్లో రొట్టెలు చల్లారిపోతే మీ అమ్మలు నన్ను తిడతారు. పోయి తినండి.