పంపు చప్పుడు

ఉదయం ఎనిమిదింటికి చెల్లెలు నాన్న మెకానిక్ షెడ్డు షట్టరెత్తి, కారు బానెట్ తెరిచింది. పదింటికి కొనేవాడు వస్తానన్నాడు. ఇంజిన్ చల్లగా ఉండగానే వాటర్ పంపు చూసి పెట్టాలి. నాలుగు నెలల కిందట నడిరోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయిన కారది. అప్పటినుంచి నాన్న దాన్ని ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజు అమ్మకి పక్షవాతం వస్తే అన్నయ్య ఆ కారులోనే ఆసుపత్రికి బయల్దేరాడు. సగం దారిలో ఇంజిన్ వేడెక్కి ప్రయాణం ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి గంట పట్టింది. అమ్మ బతికింది గానీ కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా నాన్న అన్నయ్యని చెంప మీద కొట్టాడు. "నిన్ననే పంపు నా చెవితో విన్నాను. లక్షణంగా ఉంది. ఇంజిన్ వేడి చూపే సూది ఎక్కుతున్నా చూసుకోకుండా నడిపింది నువ్వు" అన్నాడు. చెల్లెలు కూడా నాన్న మాటే నమ్మింది. అన్నయ్య లెక్కల మాస్టారు, ఇద్దరు పిల్లల తండ్రి. అమ్మని చూస్తానని రెండుసార్లు వస్తే నాన్న గుమ్మంలోంచే పంపేశాడు.

కారు అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి ఇవాళ సంతకానికి పిలవాల్సి వచ్చింది.

చెల్లెలు బెల్టు తీసి, పంపు పుల్లీని రెండు వేళ్ళతో పట్టుకుని కదిపింది. వదులైన పన్నులా అటూ ఇటూ ఊగింది. పంపు కింద చిల్లు నుంచి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారి, ఆకుపచ్చ చారగా ఎండిపోయి ఉంది. చార ఇంత ముదరాలంటే పంపు ఆ రోజుకి చాలా ముందే పాడై ఉండాలి.

"లోపలికి రావచ్చా, సంతకం వీధిలోనే పెట్టాలా?" అన్నాడు అన్నయ్య, గేటు దగ్గర నిలబడి.

ఇంట్లోంచి వచ్చిన నాన్న అతన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "కాగితాలు బల్ల మీదున్నాయి" అన్నాడు.

"నాన్నా, పుల్లీ ఊగుతోంది!" అని అరిచింది చెల్లెలు. షెడ్డులో ఎప్పుడూ అరుచుకునే మాట్లాడుకుంటారు.

"నలభై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకు చెబుతున్నావా? బెల్టు వేసి స్టార్ట్ చెయ్యి."

ఆమె బెల్టు బిగించి, నీళ్ళు పోసి తాళం తిప్పింది. రాళ్ళు నూరుతున్నట్టు గరగరమని చప్పుడు. గేటు దగ్గరున్న అన్నయ్య కూడా ఉలిక్కిపడి తలెత్తాడు. నాన్న ఇనుప కడ్డీ ఒక కొస పంపుకీ, రెండో కొస చెవికీ ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"శుభ్రంగా ఉంది" అన్నాడు.

చెల్లెలు ఇంజిన్ ఆపేసింది. అన్నయ్య వైపు చూసింది. తర్వాత నాన్న వెనక్కి వెళ్ళి, మామూలు గొంతుతో అంది: "నాన్నా, అమ్మ పిలుస్తోంది."

నాన్న కడ్డీ తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆమె ముందుకొచ్చి ఆయన భుజాలు పట్టుకుంది. "ఎప్పటినుంచి నాన్నా? ఎప్పటినుంచి వినబడట్లేదు నీకు?"

ఆయన ఆమె పెదవుల వంక చూశాడు. గదమాయించబోయి ఆగిపోయాడు. "రెండేళ్ళయింది" అన్నాడు చివరికి. "చెవిటి మెకానిక్కుకి బండి ఎవరిస్తారే?"

"అందుకని నన్ను దోషిని చేశావా?" అన్నయ్య లోపలికి వచ్చేశాడు. "మా అమ్మ అన్నం తిందో లేదో పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నాలుగు నెలలు!"

"నేనూ నిన్నే తిట్టాను అన్నయ్యా" అంది చెల్లెలు.

"తిట్టావు. ఒక్కసారైనా బానెట్ ఎత్తి చూడకుండా తిట్టావు."

నాన్న ఇద్దరి మొహాలూ చూసి, అమ్మ గదిలోకి నడిచాడు. వాళ్ళు వెంట వెళ్ళారు.

"వాడి తప్పు కాదు" అన్నాడు మంచం పక్కన నిలబడి. "పంపు పాడైంది. నాకు వినబడలేదు. నీ చెయ్యీ కాలూ నేనే తీశాను."

అమ్మ కొడుకుని చూసింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. పెదవులు కష్టపడి కదిలాయి.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

అన్నయ్య వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. లేచి, తండ్రి చెవి దగ్గర గట్టిగా చెప్పాడు: "సూది లేవగానే నేను కారు ఆపేశానట! బండి కోసం రోడ్డుమీద పోయేవాళ్ళ కాళ్ళు పట్టుకున్నానట! నువ్వు పక్కన కూర్చున్నప్పుడల్లా ఇదే చెబుతోందట నాన్నా. నువ్వేమో ఊఁ ఊఁ అని తలూపి లేచి వెళ్ళిపోయేవాడివట!"

నాన్న మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడిపోయాడు. కొడుకు చెంప వైపు చెయ్యి చాచాడు. అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ అక్కడినుంచి కదల్లేదు.

అమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

"చెప్పరా" అన్నాడు నాన్న ఏడుస్తూ. "ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పు."

అన్నయ్య అమ్మ పక్కన కూర్చుని మళ్ళీ చెవి వంచాడు.