అర్థంలేని తమిళం

ఆదివారం పొద్దున సీతాపతి కాఫీ గ్లాసు పట్టుకుని కొత్త లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నెల్లితోపులో ఆ వీధికంతటికీ మొదటి కంప్యూటరు ఆయనదే. పాతికేళ్ళ కిందట, పరీక్షా ఫలితాలొచ్చే రోజున వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు రోడ్డుదాకా ఉండేవి. నిన్ననే కూతురు అర్చిత ఆ ముసలి పెట్టెకు రిటైర్మెంటిచ్చి, ఫైళ్ళన్నీ లాప్‌టాప్‌లోకి మార్చింది.

"పాపా, అవ్వ ఫైలు యాడ పెట్టినావు?"

"ఏ ఫైలు నాయనా?"

"'అమ్మ మాటలు' అని ఉంటాది సూడు. అవ్వ పోయేముందు చెప్పినవన్నీ టైపు కొట్టి పెట్టినా గదా."

అర్చిత నోట్లో ఇడ్లీ ముక్క అక్కడే ఆగింది.

నాలుగు వేల ఫైళ్ళు ఎవరు చూస్తారని, చెత్త ఏరే పని ఏఐకి అప్పగించింది. ఒక ఫైలు పక్కన అది రాసింది: అర్థంలేని తమిళం, తీసేయవచ్చు. తనూ తెరిచి చూసింది. అక్షరాలు తమిళమే, మాటలు మాత్రం ఒక్కటీ తమిళం కాదు. నాయన టైపింగు నేర్చుకున్న రోజులవి కాబోలని నవ్వుకుని, సరేనంది. ఆ పైన ఆఫీసు అలవాటు కొద్దీ పాత డిస్కును తుడిచేసి, డ్రిల్లుతో రెండు చిల్లులు కూడా పెట్టింది. భద్రత కోసం.

ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. ఈ తమిళ ఊళ్ళో బడి చదువంతా తమిళమే కనుక, తెలుగు రాయడం ఒక్కరికీ రాదు. కిరాణా చీటీ కూడా తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగే. ఆ సంగతి మిషనుకు తెలియకపోతే పోనీ. ఒక్క వాక్యం పైకి చదివి ఉంటే, అవ్వ గొంతు తనకు వినపడేది.

జరిగింది చెప్పింది. వంటింట్లోంచి తల్లి హేమావతి వచ్చి నిలబడింది.

"మేయ్, మూడేండ్లు! మా అత్త మంచం పక్కకు కంప్యూటరు జరిపి, ఆదివారం ఆదివారం కొట్టినాడు మీ నాయన. మిషన్లకు బాసలు నేర్పిస్తా ఉండానని ఊరంతా చెప్తావే, ఇంటి బాస నీకు ఎవురు నేర్పించాల?"

"ఇడువు హేమా." సీతాపతి గ్లాసు అంచు తుడుస్తూ తల దించుకున్నాడు. "తప్పు నాది. నాకు తెలుగు రాసేది వచ్చుంటే మిషనుకు తెలిసుండును."

తిట్టినా బాగుండేది. అర్చితకు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"నువ్వు సరిగ్గానే రాసినావు నాయనా. నేనే చదవలా." లాప్‌టాప్ తనవైపు లాక్కుంది. "గుర్తుండేవి చెప్పు. కొడతా."

"అన్నీ యాడ గుర్తుంటాయి? అందుకే గదా కొట్టి పెట్టింది."

సీతాపతి గ్లాసు పక్కన పెట్టాడు. మెల్లగా అన్నాడు. "మొదటిది చెప్తా. ఒకనాడు మన అంగడి మూయకుండా వచ్చేసినానని అవ్వ తిట్టింది. 'తలుపు మూయనోడికి తాళమెందుకురా.'"

అర్చిత తమిళ అక్షరాల్లో కొట్టింది. ప్రతి మాట కిందా ఎర్రగీత పడింది. కళ్ళు మసకేస్తున్నా ఆగకుండా పూర్తిచేసి, పైకి చదివింది.

"అట్ల కాదు," హేమావతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ లాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. "'తాళమెందుకురా నా బంగారూ' అనేది అత్త. జరుగు."