పద్నాలుగు ముడులు

మంగళవారం మధ్యాహ్నం నగరిలో మురుగేష్ తన మరమగ్గం స్టార్టర్ మీద చెయ్యి వేశాడు. మళ్లీ తియ్యలేదు. పోలీసులు కరెంటు షాకని రాసుకున్నారు. లోపల వైరు ఎవరో మార్చి కట్టారని రాయడానికి ఆ కాగితంలో చోటు లేకపోయింది.

గురువారం ఒంటిగంటకు తిరుపతిలో ఒక ట్రావెల్స్ ఆఫీసు పైగదిలో నిఘా విభాగం చీఫ్ ప్రసూనాంబ ఏజెంట్ గుణశేఖర్‌ను కూర్చోమని కూడా అనలేదు.

"మురుగేష్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ పేరు 'ఊట'. మూడువందల ఊళ్లలో తాగునీటికి క్లోరిన్ కలిపే పంపులు దాంతోనే నడుస్తాయి. పంపును తిప్పే కోడ్ మాత్రం అతనిది కాదు. బయటివాళ్లు రాసింది కాపీ తెచ్చి తన ఫోల్డర్లో పెట్టుకున్నాడు. ఆ కాపీలో విదేశీ ముఠా వేలు పెట్టిందని కబురు."

"స్కాన్ చేయించినారా మేడం?"

"మూడుసార్లు. బయటి అసలుతో అక్షరం అక్షరం సరిపోయింది. క్లీన్."

"అనుమానముంటే ఆపేద్దాం."

"పాత వెర్షన్ గడువు ఈరోజు నాలుగింటికి తీరుతుంది. కొత్తది పోకపోతే పంపులు ఆగిపోతాయి. మన మనిషి మోనిక అక్కడే ఉంది. రెండేళ్లుగా మురుగేష్‌కు సాయం చేస్తోంది. కోడ్‌వర్డ్ మీటరు."

గుణశేఖర్ తొమ్మిదో తరగతి తప్పి, నగరిలోనే ఆరేళ్లు మగ్గం తిప్పినవాడు. డిపార్టుమెంటులో చదువుకున్నవాళ్లు ఏసీ కింద కూర్చుంటారు. చావడానికి వీలున్న చోటికి అతన్ని పంపుతారు.

మూడున్నరకు కరెంటోళ్ల చొక్కాతో, గుండీలో కెమెరాతో మగ్గం షెడ్డులోకి వెళ్లాడు. నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని మోనిక లాప్‌టాప్ ముందు ఉంది. ఆమె సెంటు వాసన మెషీన్ ఆయిల్ వాసనను మింగేసింది. మూలన మురుగేష్ నాయన జయరామయ్య, పాత పడుగు పోగులకు కొత్తవి కలిపి ముడులు వేస్తున్నాడు.

"చేతులు ఊరికే ఉంటే వాడు గుర్తుకొస్తాడప్పా" అన్నాడు, ఎవరూ అడక్కముందే.

"మీటరు బాగా తిరగతా ఉండాది" అన్నాడు గుణశేఖర్.

"ఎండాకాలం కదా అన్నా" అంది మోనిక. "అంతా రెడీ. బయటి కోడ్ కొత్త కాపీ తెచ్చి పెట్టేశా. ఎంత నీట్‌గా ఉందో చూడండి. ఒక్క మార్పూ లేదు."

జయరామయ్య తలెత్తలేదు. "ముడులు యెయ్యలేదా పాపా?"

"ఏం ముడులు పెద్దాయనా?" గుణశేఖర్ అడిగాడు.

"బయటి సరుకు కొత్తది తెచ్చిన ప్రతిసారీ మావాడు దాంట్లో పద్నాలుగు ముడులు యేసేవాడు. మందు ఇంతకు మించి కలపగూడదనే హద్దు గూడా ఒక ముడేనంట. బయటోళ్లకు ఆ హద్దే లేదని తిట్టుకుంటా ఉండేవాడు. అతికిన చోట ముడి కనపడలేదంటే, పాతది కోసి పారేసినారనే గదప్పా?"

గుణశేఖర్ లాప్‌టాప్ వైపు తిరిగాడు. స్కానర్ అబద్ధం చెప్పలేదు. ముఠా ఏమీ కలపలేదు, మురుగేష్ వేసిన ముడులు తీసేసింది. హద్దు లేని పంపులకు బయటినుంచి ఒక్క ఆదేశం చాలు. మూడువందల ఊళ్ల కుళాయిల్లో విషం.

మోనిక హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ వచ్చింది.

"స్టార్టర్ వైరు కూడా నేనే అతికా అన్నా" అంది మోనిక. "అదీ నీట్‌గానే."

బల్లమీద ఉన్న, మగ్గంలో పోగు నడిపే నాడె అందుకుని విసిరాడు గుణశేఖర్. దాని ఇనుపమొన ఆమె మణికట్టును పగలగొట్టింది. పేలిన గుండు రేకుల కప్పులోంచి దూసుకుపోయింది. అతను ఆమెను నేలకు అదిమి పట్టాడు. జయరామయ్య పడుగు నూలు పేట తెచ్చి, ఆమె చేతులు వెనక్కి విరిచి బిగించాడు.

"ఇది పదైదోది" అన్నాడు.

మూడూ యాభైఏడు.

"ఆ ముడులు యాడుండాయి పెద్దాయనా?"

ముసలాయన మగ్గం చట్రం మీద కొడుకు సుద్దతో రాసుకున్న ఒక్క మాట చూపించాడు. "అది కొడితే అన్నీ వాటంతటవే పడతాయన్నాడు."

గుణశేఖర్ ఒక్క వేలితో కొట్టాడు: ముడి. తెరమీద వరసలు కదిలాయి. పది. పదమూడు. అక్కడ ఆగింది. మూడూ యాభైతొమ్మిది. బయట వీధికుళాయి కింద ఎవరిదో బిందె నిండుతున్న చప్పుడు. పద్నాలుగు. రిలీజ్ నొక్కాడు.

ఫోన్లో ప్రసూనాంబ విసుక్కుంది. "స్కానర్ ఇప్పుడు పద్నాలుగు తేడాలు చూపిస్తోంది."

"అట్లే ఉండనీండి మేడం."

"ఇకమీదట దీన్ని చూసుకునేదెవరు? ఇన్నేళ్లలో సాయం చేస్తామని ఒక్కరైనా రాలేదా?"

"ఒకరొచ్చినారు మేడం, మనం పంపిన మనిషే. చేతులు కట్టి తీసుకొస్తా ఉండాను."